ముఖం పెట్టుకునే చోటు

విశాఖలో కచేరీ హాలు మెట్ల మీద జకరయ్య ట్రంపెట్ పెట్టె తెరుస్తాడు. లోపల ట్రంపెట్ పక్కన అతని ముఖం ఉంది. నున్నగా గడ్డం గీసుకుని, మఖమల్ గుంటలో చక్కగా ఇమిడి ఉంది.

నెల రోజులుగా "ముఖం ఎక్కడ పెట్టుకోవాలిరా దేవుడా" అని కుమిలిపోతున్నాడు కదా, ఇదిగో, చోటు దొరికింది.

జకరయ్యది తొమ్మిదిమంది బృందం. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, కాంగా డ్రమ్ములు. క్యూబా దరువు మీద జాజ్ వాయిస్తారు. కిందటి నెల రికార్డింగులో సోలో మధ్యలో అతనికి ఊపిరి అందలేదు. వెనక నిలబడ్డ రెండో ట్రంపెట్ నూకరాజు గుట్టుగా అందుకుని చివరిదాకా ఊదేశాడు. జకరయ్య ఉత్తినే బుగ్గలు పొంగించాడు. ఆ విద్య అతనికి కొత్తేం కాదు. ఆరేళ్లు పెళ్లి బ్యాండులో డమ్మీగా చేశాడు. అంటే, వరస నిండుగా కనబడ్డానికి వాయిద్యం పట్టుకుని, ఊదకుండా నడిచేవాడు.

పాట విని ఊరంతా జకరయ్యని నెత్తిన పెట్టుకుంది. అతను కాదనలేదు. ఇంత బాగా ఊదేవాడుండగా రెండో ట్రంపెట్ దేనికని, బృందాన్ని నడిపే సత్యవేణి ఇవాళ నూకరాజునే డమ్మీగా నిలబెడుతోంది. పొరపాటున కూడా చప్పుడు రాకుండా అతని ట్రంపెట్‌లో గుడ్డ కుక్కింది. అది చూసి జకరయ్య సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

నూకరాజు పెట్టెలోకి తొంగి చూస్తాడు. "ముఖం తీసి పెట్టీసావేటి గురూ? మంచి పని. లైట్ల కింద చెమట పట్టదు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని జకరయ్యకి అనిపిస్తుంది.

స్టేజీ ఎక్కుతారు. సత్యవేణి కాంగాల మీద దరువు అందుకుంటుంది. దెబ్బ దెబ్బకీ స్టేజీ బారెడు పొడుగవుతుంది. సోలో వచ్చేసరికి ముందు వరసకీ వెనక వరసకీ మధ్య వీధంత దూరం పడింది. ఊదడానికి జకరయ్యకి నోరు లేదు. పెట్టె తెరిచి మైకు ముందు పెడతాడు.

"ఆ సోలో నాది కాదు," అంటుంది ముఖం. "నూకరాజు ఊదాడు. నేను బుగ్గలు పొంగించాను."

సత్యవేణి దరువు ఆపదు. "ముందే చెప్పాలి కదా జకరయ్యగారూ. మంచి గుడ్డ పాడైంది."

జకరయ్య ముఖం తగిలించుకుని ఆ వీధంత దూరమూ నడుస్తాడు. చెవుల దగ్గర అది కాస్త వదులుగా ఉంది. నూకరాజు గుడ్డ లాగి ఊదుతాడు. ఏమీ పలకదు.

"నా ఊపిరి ఆ రోజు నీకిచ్చీసాను గురూ," అంటాడు. "తిరిగి అడగడానికి మొహమాటమేసింది."

జకరయ్య మోకాళ్ల మీద కూర్చుని, అతని ట్రంపెట్ వెడల్పు మూతికి నోరు ఆనించి ఎదురు ఊదుతాడు. నూకరాజు ఊపిరి, దాంతోపాటు డమ్మీగా నడిచిన ఆరేళ్లూ ఊదకుండా మిగుల్చుకున్న ఊపిరి కూడా. పాదాలు, నడుం, భుజాలు ఖాళీ అవుతాయి. ఇత్తడి గుండీల ఖాళీ కోటులా నేల మీద కుప్పగా పడతాడు.

నూకరాజు అతన్ని ఎత్తి, ఒకసారి దులిపి, తొడుక్కుంటాడు. చంకల కింద కొంచెం బిగువు. మెడదాకా గుండీలు పెట్టుకుని ముందు వరసకి నడుస్తాడు. నూకరాజు చేతులెత్తితే జకరయ్య చేతులూ లేస్తాయి. ఈసారి లోపల ఎవరో నిజంగానే ఊదుతున్నారు.