మూడు గూళ్ల ఉంగరం

సబ్బు రాసినా రాలేదు, నూనె రాసినా రాలేదు. చివరికి కంసాలి చిన్న రంపంతో నా పెళ్లి ఉంగరాన్ని కోసేశాడు. పద్దెనిమిదేళ్లు ఆస్పత్రి లాండ్రీలో వేడినీళ్లలో దుప్పట్లు ముంచితే వేళ్లు ఇలాగే ఉబ్బుతాయి. "చూశారా, నా ఇంటి తిండికి మా ఆవిడ ఎలా ఒళ్లు చేసిందో!" అని మా ఆయన జోకు వేశాడు. ఆ తిండి వండేది కూడా నేనే అని నేను అనలేదు. కంసాలి మర్యాదకి నవ్వాడు.

కొత్త ఉంగరం ఆయన ఆలోచనే. ఇంట్లో అందరి పుట్టిన నెలల రాళ్లూ ఒకే ఉంగరంలో పొదుగుతారట, ఫోన్లో చూశాడు. షాపు గోడమీద నెలల పట్టిక ఉంది. ఆయనది ఏప్రిల్, వజ్రం. "నా రేంజ్ అదీ!" అని మీసం దువ్వుకున్నాడు. నాది సెప్టెంబరు, నీలం. మావాడిది జులై, కెంపు.

"పిల్లలెంతమందమ్మా?" అని కంసాలి నన్నే అడిగాడు.

"ఒక్కడే," అన్నాడు ఆయన.

"ఇద్దరు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పెద్దది ఆడపిల్ల. మే నెల."

పదకొండు గంటలు బతికింది నా కూతురు. రెండుసార్లు ఎత్తుకోనిచ్చారు. కుడి చెవి కొంచెం మడతపడి ఉండేది. "బతికి బట్టకట్టని దానికోసం ఏడుపేంటి, మళ్లీ కనకపోతావా?" అంది మా అత్తగారు. "ఎవరడిగినా ఏమీ చెప్పకు, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు," అన్నాడు ఆయన. పదోరోజున పనిలోకి వెళ్లాను. పాలు పొంగి జాకెట్టు తడుస్తుంటే, "అది మార్చుకుని రా, చూడ్డానికి బాగోలేదు," అంది సూపర్‌వైజరమ్మ. ఆ రోజు నా వంతుకొచ్చినవి పురిటి వార్డు దుప్పట్లు, అవే ఉతికాను. ఈ పదహారేళ్లలో ఇంట్లో దాని ఊసెత్తబోయినప్పుడల్లా "మళ్లీ మొదలెట్టావా?" అన్నారు. తనకో అక్క ఉండేదని మావాడికే తెలియదు. ఇన్నాళ్లూ దుఃఖమనుకుని మోసింది ఇప్పుడు కోపమై గొంతులోకి వచ్చింది.

ఆయన మొహం మాడిపోయింది. "పరాయివాళ్ల ముందు ఆ గోలెందుకే ఇప్పుడు?"

కంసాలి తల వంచుకుని కొలతలు చూశాడు. "ఈ మోడల్లో మూడే గూళ్లమ్మా. నాలుగోది తొలిస్తే ఉంగరం నిలవదు."

"విన్నావుగా, చోటే లేదు," అన్నాడు ఆయన. ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు.

నా నీలం తీసెయ్యండి అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంట్లో ఏది తక్కువైనా నా వాటాలోంచే సర్దడం నాకు అలవాటు. ఆ మాట మింగేశాను.

"వజ్రం తీసేసి మే నెల పచ్చ పెట్టండి."

కంసాలి పెన్ను ఆగిపోయింది. "పెళ్లి ఉంగరమమ్మా ఇది! సార్ రాయి లేకుండా ఎలా? ఆయన లేనప్పుడు నేనిది ఎలా రాసుకునేది?"

అద్దం తలుపు తోసుకుని ఆయన లోపలికి వస్తున్నాడు.

"లేనప్పుడు వద్దులెండి," అన్నాను. "వచ్చారుగా, ఆయన ముందే రాసుకోండి."