ఇస్త్రీకి వచ్చిన కోటు

ఆసుపత్రి లాండ్రీలో రోజూలాగే ఆమె పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, మొదటి దుప్పటి పరిచింది. పెట్టె తగలగానే ఆవిరితో పాటు ఎవరిదో నీరసపు గొంతు, "అమ్మా, కాసిని నీళ్లు" అంది. బట్ట మీద పడ్డ మాట ఉతికితే పోదు, ఇస్త్రీకే వదులుతుంది. అందుకే ఆ పనివాళ్లకి ఒక కట్టుబాటుంది. విన్నది గడప దాటించకూడదు. పద్నాలుగేళ్లలో ఆమె ఒక్క మాటా దాటించలేదు.

ఆవేళ మాత్రం ఆమె చెవులు బట్ట మీద లేవు. పక్క గదిలో, అక్కడే పనిచేసే తన తోటికోడలి మీద విచారణ జరుగుతోంది. బట్టలు ఉడకబెట్టే తొట్టి దగ్గర ఆవిరి గొట్టం పగిలి, ఆ పిల్లకి మోచేతి దాకా కాలింది. తప్పు తనదేనని తేలిస్తే ఉద్యోగం ఊడుతుంది.

"గొట్టం కారుతోందని మూడుసార్లు చెప్పానండీ," అంటోంది తోటికోడలు.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు సూపర్‌వైజర్. "ఫిర్యాదంటే ఓ పద్ధతుంది, దానికో భాషుంది. ఊరికే అరిస్తే ఫిర్యాదవుతుందా?"

విచారణకొచ్చిన అధికారి 'కార్మికురాలి అజాగ్రత్త' అని రాసుకుంటూ, "రాతలో ఏమైనా ఇచ్చావా అమ్మా?" అనడిగాడు.

రాతంట రాత! ఆ గొట్టం అర్జీ పెట్టుకుని కాల్చిందా? వాళ్ల నోట్లోంచి వస్తే మాట, మన నోట్లోంచి వస్తే గోల! ఇస్త్రీ బట్టల కుప్పలోంచి ఆమె సూపర్‌వైజర్ తెల్లకోటు లాగి, కాలుతున్న పెట్టెతో విసవిసా ఆ గదిలోకి వెళ్లింది.

"అక్కా, వద్దు. కట్టుబాటు..." అంది తోటికోడలు.

"నువ్వూరుకో."

సూపర్‌వైజర్ లేచాడు. "ఏంటిది? బయటికి నడు!"

"కూర్చోండి సార్, మీ కోటే. బాగా నలిగింది."

బల్ల మీద కోటు పరిచి, కోటు చేతుల మీద పెట్టె నడిపింది. "అయ్యా, గొట్టం కారుతోందయ్యా," అంది తోటికోడలి గొంతు. వెనకే సూపర్‌వైజర్ గొంతు: "ముందు మనుషుల్లా మాట్లాడ్డం నేర్చుకో." వీపు మీద నడిపింది. "ఎవరికైనా కాలిపోతుందయ్యా." "పొద్దున్నే నీ నసేంటి?" ఇక కాలరు మిగిలింది. "నా మాట కాస్త వినయ్యా." "కాలితే నీ చెయ్యే కదా!"

అధికారి చెవి దగ్గరగా పెట్టి, "కాలరు మీద ఇంకోసారి నడపమ్మా," అన్నాడు. తర్వాత రాసింది కొట్టేసి, ఆ పిల్ల మాటల్ని 'అయ్యా'లతో సహా ఉన్నవున్నట్టు రాసుకున్నాడు. సూపర్‌వైజర్ మాటల్నీ అలాగే రాశాడు.

సాయంత్రానికల్లా సూపర్‌వైజర్ తాళాలు అప్పగించాడు, కొత్త గొట్టం వచ్చింది. తోటికోడలికి ఉద్యోగం నిలిచింది. వేళ్లు మాత్రం ఇక ముడుచుకోవన్నారు డాక్టర్లు. మూడుసార్లు చెప్పింది కదా ఆ పిల్ల, ఒక్కసారి విని ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది!