నాన్న బిగించిన పెట్టెలు

అన్నదమ్ములిద్దరికీ ఏడేళ్లుగా మాటల్లేవు. గొడవ ఆస్తి గురించి కాదు, పెళ్ళాల గురించీ కాదు. ఒక స్పీకరు తీగ గురించి. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. నవ్వుకోండి, పోయేదేముంది, పడ్డవాడికి కదా తెలిసేది.

ఇద్దరిదీ ఒకటే పని, పార్టీలకి సౌండు సెట్లు పెట్టడం. తండ్రి చేతి మీదుగా వచ్చిన పని. తండ్రి పోయాక చిన్నవాడు అన్న దగ్గరే పనిచేశాడు. అన్న నోట రోజుకి పదిసార్లు వినపడే మాట ఒకటుండేది. "ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్పాలి." ఏడేళ్ల కిందట ఒక పెద్ద హాల్లో తీగలు తారుమారై పాట పీలగా వచ్చింది. ఆ తీగ బిగించింది సాక్షాత్తూ అన్నే. కానీ రెండొందల మంది ముందు చిన్నవాడి మీద విరుచుకుపడి, "రంగులు కూడా తెలియని వెధవని పనిలో పెట్టుకున్నాను, నాదీ బుద్ధి తక్కువ" అన్నాడు. చిన్నవాడు ఆ పూటే షాపు తాళంచెవి బల్ల మీద పడేసి వచ్చి, రెండు వీధుల అవతల సొంతంగా షాపు పెట్టుకున్నాడు. ఆ మాట మాత్రం ఇప్పటికీ వాడికి మింగుడుపడలేదు.

ఇద్దరి మధ్యా నలిగిపోయింది అక్క. ఆవిడ అన్నకి చెల్లెలు, చిన్నవాడికి అక్క. కూతురి పద్దెనిమిదో పుట్టినరోజు వంక దొరకగానే ఇద్దరికీ ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది. "చెరో సగం సెట్టు తెచ్చి కలిపి పెట్టండి. లేదంటే ఇద్దరూ రావద్దు."

చిన్నవాడితో మరో మాట కూడా అంది. "అన్నయ్యకి చెవులు కాస్త మందగించాయిరా. పనులు తగ్గాయి. షాపు ఎత్తేస్తానంటున్నాడు. ఆ పని లేకపోతే ఆయన మనిషి కాడు, నీకు తెలుసుగా. నువ్వు పక్కన నిలబడి, 'బాగుంది అన్నయ్యా' అని ఒక్క మాట అను, చాలు."

"సర్లే అక్కా" అన్నాడు చిన్నవాడు. ఆ సర్లే అన్నప్పుడు నిజంగానే సర్లే అనుకున్నాడు పాపం.

హాలు ఒక ఫర్నిచరు షాపు పైన, మొదటి అంతస్తులో. మధ్యాహ్నానికే ఇద్దరూ చేరారు. చిన్నవాడు తెచ్చింది స్టాండ్ల మీద పెట్టే రెండు స్పీకర్లు, ఒకటి ఒక కంపెనీది, ఇంకోటి వేరే కంపెనీది. వాటితో పాటు బేస్ దద్దరిల్లడానికని కిందటేడు కొన్న పెద్ద సబ్‌వూఫరు. అన్న తెచ్చింది తండ్రి చేత్తో చేసిన రెండు బేస్ పెట్టెలు. మందపాటి చెక్క, పైన ఆకుపచ్చ గుడ్డ, మూలలకి రేకుముక్కలు. ఇరవై ఏళ్లలో అన్న వాటిని ఒక్కసారి కూడా విప్పలేదు. "నాన్న బిగించిన స్క్రూ మీద నేను చెయ్యి వెయ్యను" అనేవాడు, దేవుడి గదిలో మాట్లాడినట్టు.

మొదటి గంట ముభావంగానే గడిచింది. తర్వాత పనే వాళ్ళని కలిపింది. రెండు రకాల స్పీకర్లని ఒక గొంతుకి తేవడం అంటే, ఒకడు సౌండు మీటల దగ్గర కూర్చోవాలి, ఇంకొకడు హాలంతా తిరిగి వినాలి.

"కుడిది అరుస్తోందిరా, తగ్గించు" అన్నాడు అన్న, ఎటో చూస్తూ.

"తగ్గించా. ఇప్పుడు?"

"ఇంకొక్క పిసరు. ఆఁ, అక్కడుంచు."

ఏడేళ్ల తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలివి. అక్క గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి, లోపలికి వస్తే ఎక్కడ చెడిపోతుందోనని కదలకుండా ఉండిపోయింది.

ఇక బేస్. తండ్రి పెట్టెలు రెండూ విడిగా మోగించారు. కిటికీ అద్దాలు అదిరాయి. అన్న మొహం వెలిగిపోయింది. "చూశావా, మా నాన్న చెయ్యి" అన్నాడు, ఆ నాన్న తనొక్కడికే నాన్న అయినట్టు. చిన్నవాడి సబ్ విడిగా మోగించారు. అదీ బ్రహ్మాండంగా ఉంది. మూడింటినీ ఒకే మూల పేర్చి కలిపి మోగించారు.

బేస్ మాయమైపోయింది. పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది.

అన్న తీగలు చూశాడు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. తీగలు మార్చాడు. యాంప్లిఫయరు మార్చాడు. పెట్టెలు ఒక జానెడు జరిపాడు. చెట్టంత మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డకి చెవి ఆనించి, అరచెయ్యి పెట్టి చూశాడు. ఒళ్ళంతా చెమట.

చిన్నవాడికి మాత్రం రెండో నిమిషంలోనే సంగతి తెలిసిపోయింది. ఎందుకంటే ఆ పెట్టెలు చేసినప్పుడు తండ్రికి టార్చిలైటు పట్టింది వాడే. కళ్ళు మసకేసిన ముసలాయన మొదటి పెట్టె లోపల ఎర్రతీగని మైనస్‌కి అతికించి, బంకపెట్టి మూసేశాక గమనించాడు. మళ్ళీ పగలగొట్టడం ఎందుకని రెండోది కూడా అలాగే చేశాడు. "రెండూ ఒకేలా ఉంటే తప్పేం కాదురా చిన్నోడా. మీ అన్నకి చెప్పకు, నన్ను కాల్చుకు తింటాడు" అని నవ్వాడు. ఆ జత ఆ జతగా మోగినంత కాలం తప్పేం కాలేదు. ఇప్పుడు పక్కన సక్రమంగా బిగించిన సబ్ వచ్చి చేరింది. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. ఒకే తలుపుని ఇద్దరు చెరోవైపు నుంచి నెట్టినట్టు.

బాగు చెయ్యడానికి అర నిమిషం పని. అన్న పెట్టెల వెనక ఎర్రదాన్ని నల్లదాంట్లో, నల్లదాన్ని ఎర్రదాంట్లో పెడితే చాలు. చిన్నవాడి చెయ్యి ముందుకు వెళ్ళింది కూడా. అంతలో హాలు నిండుతోంది. మేనకోడలి స్నేహితులు ముప్పైమంది గోడ వారగా నిలబడి చూస్తున్నారు. ఆ చూపులు చూడగానే చిన్నవాడికి ఏడేళ్ల కిందటి హాలు గుర్తొచ్చింది. రంగులు కూడా తెలియని వెధవ.

"పెద్దమామయ్యా, ఏమైంది? అందరూ వచ్చేశారు" అంది మేనకోడలు.

అన్న తలెత్తి తమ్ముడి వైపు చూశాడు. ఆ చూపులో పెద్దరికం లేదు, అడుక్కోవడం ఉంది. "ఏమిటంటావురా?"

"నీ పెట్టెలు పోయాయన్నయ్యా" అన్నాడు చిన్నవాడు. "పీకేయ్."

"ఇందాక విడిగా బాగానే వినపడ్డాయి కదరా."

"నీకలా వినపడింది."

అనేశాడు. నాన్నకిచ్చిన మాట ఉంది కదా అని లోపల ఒక సాకు కూడా దొరికింది వాడికి. సిగ్గులేని మనసుకి సాకులకేం కొదవ.

అన్న పెట్టెల తీగలు పీకేశాడు. మరుక్షణం తమ్ముడి సబ్ ఒక్కటే హాలంతా ఊపేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అన్న తన కుడి చెవిని చూపుడువేలితో రెండుసార్లు రుద్దుకుని, వెళ్ళి వెనక వరసలో కుర్చీలో కూర్చున్నాడు. అక్క కళ్ళతోనే తమ్ముణ్ణి అడిగింది. తమ్ముడు మీటల మీదకి తల దించుకున్నాడు. కేకు కోసేలోపే అన్న ఆ పెట్టెలని ఒక్కొక్కటిగా మెట్ల మీంచి దింపుకుని వెళ్ళిపోయాడు.

గెలిచినవాడికి ఆ వారమంతా అన్నం సయించలేదు. చెప్పేద్దామని రెండుసార్లు అన్న వీధి దాకా వెళ్ళాడు. ఒకసారి షాపులో ఎవరో ఉన్నారని తిరిగొచ్చాడు. రెండోసారి ఎవరూ లేరు, అయినా తిరిగొచ్చాడు. మూడోసారికి షాపు మీద వేరేవాళ్ళ బోర్డు ఉంది.

ఆ మర్నాడు పొద్దున్నే అన్నే వచ్చాడు తమ్ముడి షాపుకి. చంకలో గుడ్డ చుట్టిన చెక్కపలక.

"కూర్చో అన్నయ్యా."

"వద్దులే. షాపు ఖాళీ చేసేశాను. చెవులు లేనివాడికి షాపెందుకు" అన్నాడు అన్న. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండును. "నాన్న పెట్టెలు విప్పేశా. మంచి చెక్క కదా, మీ వదినకి వంటింట్లో అరలు కొట్టిచ్చాను. ఒక పలక మిగిలింది, నీకు తెచ్చాను."

గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. "లోపలివైపు నాన్న పెన్సిల్‌తో ఏదో రాశాడురా. నాకు కంటికి ఆనడం లేదు. కాస్త చదివిపెట్టు."

చిన్నవాడు పలక వెలుతురులోకి తిప్పాడు. తండ్రి గుండ్రటి అక్షరాలు, చెక్కుచెదరలేదు.

'ఈ జతకి ఎర్రది మైనస్. వేరేవాటితో కలిపితే తీగలు తిప్పి పెట్టాలి. చిన్నోడికి తెలుసు.'

చెప్పాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. నోరు తెరిచాడు కూడా.

"ఏం రాశాడు?" అన్నాడు అన్న.

"ఏం లేదన్నయ్యా. కొలతలు."

"కొలతలేనా?"

"ఆఁ. పొడుగూ వెడల్పూ."

అన్న కాసేపు వాడి మొహంలోకి చూశాడు. "సరే అయితే, ఉంటాను" అన్నాడు. మెట్లు దిగి, రోడ్డు దాటబోయే ముందు ఆగి, ఇంతసేపూ చొక్కా జేబులోనే ఉన్న కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూసుకుని, నెమ్మదిగా దాటి వెళ్ళిపోయాడు.