మైసమ్మ నెత్తి మీద

మైసమ్మ రాయి మీదికి ఎవ్వరూ ఎక్కొద్దు. ఎక్కితే తల్లి నెత్తి తొక్కినట్టే. వీరేశం తాతల నాటి నుంచి ఇదే కట్టుబాటు. ఆ కట్టుబాటే వాని కొంప ముంచింది.

1998ల, తొలకరి పడ్డంక వచ్చిన శనివారం. వీరేశం, పెండ్లాం సీతాబాయి, బిడ్డ బుజ్జి నార్సింగి దిక్కు నుంచి గుట్టెక్కుతున్నరు. వీపులకు మూటలు. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు, ముంతల తడి సున్నం. పైన వండుకొని, ఒక రాత్రి పండుకొని, ఆదివారం దిగుతరు. ఐదేండ్లు నిండిన పిల్ల చెయ్యి సున్నంల ముంచి మైసమ్మ రాయికి కింద అచ్చు వెయ్యాలె. వీరేశం అచ్చు, వాని తండ్రి అచ్చు అక్కడ్నే ఉన్నయి. సీతాబాయికి బుజ్జి కన్న ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు ఐదేండ్లు చూడలే. బుజ్జి చూసింది. అందుకే ఆ తల్లికి ఇంత ఆత్రం.

తొవ్వ బాగుంటది. సీతాఫలం చెట్లు, నెమళ్లు, బండల సందుల వాన నీళ్లు. బాగున్న జాగ మీదనే పెద్దోళ్ల కన్ను పడుతది. గుట్టకు అవతల అడ్డం రేకులు పాతి కంప్యూటర్ కంపెనీ కోసం బండలు పగులగొడుతున్నరు. ఆ బండలకు మిషన్‌తో బొక్కలు కొట్టేది వీరేశమే.

"మన రాయి జోలికి రారు గద?" సీతాబాయి అడిగింది.

"ఎన్నిసార్లు చెప్పాలెనే? గది గుట్ట ఎనుక. లారీల అరగంట చుట్టు తిరిగి పోతం. ఫికర్ చెయ్యకు."

"నాయినా, మిషన్ పట్టుకుంటే చెయ్యి వణుకుతదా?"

"అన్నం తినేటప్పుడు గూడ వణుకుతది బిడ్డా."

"అందుకేనా మీద పోసుకుంటవ్!"

ముగ్గురూ నవ్విండ్రు. ఆ దినం నవ్వింది అంతే.

రాయి కాడ మూటలు దించేలోపే బుజ్జి పక్క నుంచి పైకి పాకింది.

"దిగే! తల్లి నెత్తి అది!" సీతాబాయి కేకవెట్టింది.

పిల్ల ఒక గుడ్డపేలిక పట్టుకొని దిగింది. "అమ్మా, నీ పచ్చ చీర! పైన బొక్కలల్ల కుక్కిండ్రు."

బొక్క కొట్టినంక మట్టి పడకుండ పేలిక కుక్కుతరు. పేలికలు వీరేశం ఇంట్ల నుంచే తీస్కపోతడు.

వీరేశం పైకెక్కిండు. ఈ దిక్కు నుంచి ఎక్కుడు పుట్టినంక ఇదే మొదలు. అవతల రాయి నెత్తి గుట్టల కలిసిపోయింది, పది అడుగుల దూరంల కంపెనీ రేకులు. తాటిపత్రి కింద తన మిషను. ఎనిమిది దినాలు తను నిలబడి బొక్కలు కొట్టిన బండ ఇదే. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఎక్కని రాయిని నెత్తి చూసి ఎట్ల గుర్తుపడతడు?

దిగి కూలబడ్డడు. "సోమవారం మిగిలిన బొక్కలు కాంగనే మందు పెట్టి పేలుస్తరు."

"ఎనిమిది దినాలు తొక్కినవ్. కాళ్లకైన తెల్వలేదా?"

"మేస్త్రీకి చెప్త."

"చెప్పు. మిషను ఇంకోనికిస్తడు."

నిజమే. తాతల చేతి అచ్చులు చూసి పట్టా రాసిచ్చే సర్కారు ఏ రాజ్యంల ఉన్నది?

బుజ్జి అప్పటికే చెయ్యి సున్నంల ముంచి నిలబడ్డది. "అమ్మా, ఎక్కడ వెయ్యాలె?"

సీతాబాయి ఆ చెయ్యి పట్టుకొని కొంగుతో తుడిచింది. గోళ్ల సందులు గూడ తుడిచింది.

"పగిలే రాయి మీద నా బిడ్డ చెయ్యి పెట్టనియ్య."

పిల్ల ఏడ్చింది. సున్నం పారబోసిండ్రు. పొయ్యి ముట్టియ్యలే. పొద్దుగూకక ముందే దిగిండ్రు.

సోమవారం తెల్లారి లారీ హారన్ కొట్టింది. వీరేశం గడపల నిలబడి ఇల్లంత చూస్తున్నడు.

"ఇంకెన్ని బొక్కలు కొట్టాలె?" సీతాబాయి అడిగింది.

"ఆరు."

గుట్టకు బియ్యం కట్టుకపోయిన గుడ్డ తీసి, ఆరు ముక్కలు చింపి వాని చేతిల పెట్టింది.