ఆఖరి పాటలో సింబల్

“నిన్నే! ఎన్నిసార్లు పిలవాలి? పలకడానిక్కూడా బద్ధకమేనా?”

ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగానే ఉలిక్కిపడి తిరిగాను. గుమ్మంలో మా ఆయన. స్నేహితులు వచ్చేశారట, టీ కావాలట. “ఏదో ఆలోచిస్తున్నా” అన్నాను. ఈ మధ్య ఎప్పుడూ నా నాలుక చివర సిద్ధంగా ఉండే అబద్ధం అది.

అసలు సంగతి నాకు తెలుసు. శబ్దాలు నన్ను ఒక్కొక్కటిగా వదిలిపోతున్నాయి. ముందు కిటికీ బయటి పిట్టలు పోయాయి. తర్వాత కాలింగ్‌బెల్లు, కుక్కర్ కూత, చిన్నపిల్లల మాటలు. మనుషులు మాట్లాడుతుంటే అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. మిగతాది పెదాలు చూసి పూరించుకుంటాను. అదీ కుదరనప్పుడు నవ్వి తలూపుతాను. తలూపే ఆడదాన్ని ఎవరూ మళ్ళీ ఏమీ అడగరు. నా ఉద్యోగం చూస్తే, రికార్డు చేసిన సాక్షుల మాటలు విని టైపు చెయ్యడం. మొన్న ఒకావిడ “అక్క” అంటే నేను “అత్త” అని కొట్టాను. “ఇంటి గొడవలు ఇంట్లో వదిలేసి రండమ్మా” అన్నాడు సూపర్‌వైజరు, ఆఫీసంతా వినేలా. నాకు కూడా వినబడేలా అన్నాడు కదా అని లోపల కృతజ్ఞత కలిగింది. అంతగా దిగజారాను. మా అత్తగారు దీనికి పొగరని పేరు పెట్టింది. “సంపాదిస్తున్నాననేగా ఆ పెడచెవి!” మామగారికి వినబడకపోతే మాత్రం అది వయసు. ఆయనకి చెవి మిషన్ ఉంది. దాన్ని రోజూ తుడిచి, బ్యాటరీ చూసి పెట్టేది నేనే. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే నాకు భయం. చెవులు పోయాయని తేలితే ఉద్యోగం పోతుంది. అది పోతే ఈ ఇంట్లోంచి బయటికి నాకున్న ఒక్క తలుపూ మూసుకుపోతుంది.

హాల్లో ఎప్పటిలాగే ఆ ఆల్బమే. మేమెవరమూ పుట్టకముందు వచ్చిన హార్డ్ రాక్ రికార్డు. ఈసారి దాని కొత్త ఎడిషన్ తెచ్చారు. ఆదివారం వస్తే చాలు, మా ఆయన, అతని స్నేహితులు గుండు, లెక్చరరు దాని మీద పడతారు. మొదటి వైపు గొప్పదా, రెండో వైపా? పాటల్ని గిటార్ మోసిందా, డ్రమ్స్ మోశాయా? ఒకప్పుడు ఆ గుంపులో నేనూ ఉండేదాన్ని. మా ఆయన నన్ను చూసింది అక్కడే. “ఆ డ్రమ్మరే లేకపోతే మీ గిటార్ హీరో ఇవాళ పెళ్ళిళ్ళలో వాయించుకుంటూ ఉండేవాడు” అని నేనంటే, “ఇంత తెగించి వాదించే అమ్మాయిని ఇప్పటిదాకా చూళ్ళేదు” అన్నాడు మురిసిపోతూ. పెళ్ళయ్యాక ఆ గుణానికే ఎదురు మాట్లాడడమని పేరు మారింది. నేను వంటగదిలోకి మారాను.

టీ కప్పులతో వెళ్ళేసరికి ఆఖరి పాట నడుస్తోంది. గుండు గట్టిగా అంటున్నాడు. “ఆఖర్లో ఆ సింబల్ మోత దేనికిరా? రికార్డులోంచి కొయ్యడం మర్చిపోయుంటారు.”

నేను అక్కడే నిలబడిపోయాను. గిటార్లన్నీ ఆగిపోయాక డ్రమ్స్ పక్కనుండే ఆ ఇత్తడి పళ్ళెం, సింబల్ ఒక్కటే సన్నగా మోగుతూ, మోగుతూ, చాలాసేపటికి గాలిలో కలుస్తుంది. అందరూ వెళ్ళిపోయిన ఇంట్లో ఒక మనిషి ఇంకా మేలుకుని ఉన్నట్టు. ఆ చివరి ముక్క కోసమే నేను ఆల్బమంతా వినేదాన్ని.

పాట అయిపోయింది. హాలు నిశ్శబ్దమైంది. ఎవరూ కదల్లేదు.

“ఈ కొత్త ఎడిషన్లో ఆ సింబల్ తీసేశారు. పాటని చంపేశారు” అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. లెక్చరరు ఒకసారి స్పీకరు వైపు చూసి మెల్లగా ఏదో అన్నాడు. అతని పెదాల మీద చదువుకున్నాను.

“వదినా, ఇప్పుడు మోగుతోంది అదే.”

కప్పులు ఎక్కడ పెట్టానో తెలీదు. మామగారి గదిలోకి వెళ్ళిపోయాను. ఆయన నిద్రపోతున్నారు. స్టూలు మీద మిషన్ ఉంది. తీసి నా చెవిలో పెట్టుకున్నాను. ముందు ఫ్యాను కీచుమంది. తర్వాత నా ఊపిరి. హాల్లో మళ్ళీ అదే పాట పెట్టినట్టున్నారు. గిటార్లు ఆగాయి. గోడ అవతల్నించి, సన్నగా, సింబల్. గోడకి నుదురు ఆనించి ఏడ్చాను.

అప్పుడే మా ఆయన గొంతు వినబడింది. “కొన్నాళ్ళుగా ఇంతేరా. చెవులు పోయాయనుకుంటా.”

“డాక్టరుకి చూపించలేదా?” లెక్చరరు గొంతు.

“ఎందుకు? ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఏమన్నా సరే, నవ్వుతూ తలూపుతుంది. చూస్తావా?” నా కోసం కేకేశాడు.

జుట్టు చెవి మీదికి లాక్కుని వెళ్ళాను. అతను కప్పు ఎత్తి ఎంతో ప్రేమగా నవ్వాడు. గొంతు బాగా తగ్గించి అన్నాడు. “టీ అచ్చం నీ మొహంలాగే ఉందే, మొద్దూ.”

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. చుట్టాల మధ్య, లిఫ్టులో, పక్కమీద కూడా అదే నవ్వు. టీ బాగుందనో, అలిసిపోయావనో అంటున్నాడని ఊహించుకుని ప్రతిసారీ తలూపాను. వేటివేటికి తలూపానో! గుండు సగం నవ్వి ఆగాడు. లెక్చరరు నేల చూపులు చూస్తున్నాడు.

“టీ సంగతి సరే” అన్నాను. “నా చెవుల సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?”

నవ్వు అతని మొహం మీద ఎటు పోవాలో తెలీక ఉండిపోయింది. ఇంతలో లోపల్నించి మామగారు, “నా మిషన్ ఏదర్రా?” అన్నారు. మా ఆయన బతికిపోయినట్టు లేచి వెళ్ళాడు. వెనకే నేను వెళ్ళాను. అతను మంచం పక్కన వంగి, తండ్రి మొహానికి ఎదురుగా మొహం పెట్టి, “ఉండండి నాన్నా. వెతుకుతున్నాం. కంగారు పడకండి” అని ఒక్కో మాటా విడివిడిగా, ఆయనకి అర్థమయ్యేదాకా చెప్పాడు.

ఎలా మాట్లాడాలో అతనికి తెలుసు.

నా చెవిలోంచి మిషన్ తీసి, శుభ్రంగా తుడిచి మామగారి చేతిలో పెట్టాను. మా ఆయన పెదాలు కదులుతున్నాయి. వాటి వైపు చూడకుండా చెప్పులేసుకుని బయటికి నడిచాను.

బస్టాపు దగ్గరి చెవుల ఆసుపత్రి ఆదివారమైనా తెరిచే ఉంది. కౌంటరు వెనకున్న అమ్మాయి ఏదో అడిగింది. అలవాటుగా నా తల ఊగబోయింది. ఆపుకున్నాను.

“నాకు సరిగ్గా వినబడదమ్మా. మళ్ళీ చెప్పు.” ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆ అమ్మాయి ముందుకు వంగి, విసుక్కోకుండా మళ్ళీ అడిగింది. “మీతో ఎవరైనా వచ్చారా?”

“లేదు” అన్నాను. “ఇకమీదట కూడా నేనొక్కదాన్నే.”