వెంకటరాజు గారి సీసా

దుబాయ్‌లోని జెబెల్ అలీ గోదాములో పర్శరాములు పొద్దున్నే వ్యాన్ నింపుకునేవాడు. వైన్ సీసాలను ఒక్కొక్కటే ఎత్తి చూసి సర్దేవాడు. తాగబోయే మనిషికి దుఃఖం ఎంతుంటే సీసా అంత బరువు తూగేది. విందులకు పోయేవి డజను కూడా ఒంటిచేత్తో లేచేవి. కొన్నిటికి ఒక్క సీసాకే ట్రాలీ కావాల్సొచ్చేది. గోదాములో అందరికీ తెలిసిన సంగతే. బరువైనవి కింద, తేలికైనవి పైన పెట్టేవారు, అంతే.

కరోనా ఏడాది దుకాణాలు మూతపడ్డప్పుడు ఇళ్లకు పంపడం మొదలైంది. దాంతోపాటే కట్టుబాట్లూ వచ్చాయి. మద్యం లైసెన్సున్న మనిషికే, కార్డు చూసి, చేతికే ఇవ్వాలి. డ్రైవరు గడప దాటకూడదు. ఒక్క సీసా కూడా మద్యనిషేధమున్న షార్జా పొలిమేర తొక్కకూడదు. మధ్యలో పన్ను తీసేశారు, మళ్లీ పెట్టారు. చట్టాలు ఎన్నిసార్లు మారినా సీసాల బరువు మాత్రం చట్టం మాట వినలేదు.

ప్రతి గురువారం కరామాలో వెంకటరాజు గారికి ఒక సీసా. ఆయనది రాజోలు. భార్య శాంతిప్రియ కరోనాలో ఆసుపత్రిలో పోయింది. ఆఖరిచూపు కూడా దక్కలేదు. పిల్లల్లేరు. తలుపు తీసి ఆయన మాట్లాడే మనిషి పర్శరాములు ఒక్కడే.

"ఈ వారం ఎక్కువుందా?" అనేవారు.

"ఎక్కువనే ఉంది సార్," అనేవాడు ఇతను, ట్రాలీ వంచుతూ.

ఒక గురువారం ఆ సీసా దూదిలా లేచింది. పర్శరాములు మొహం వెలిగింది. "సారు మనసు కుదుటపడ్డట్టుంది!"

గోదాములో పాతకాపు అయ్యప్ప సీసా అందుకుని చూశాడు. తల అడ్డంగా ఊపి తిరిగిచ్చేశాడు.

"ఏందన్నా?"

"సంబరపడకు. ఏళ్లుగా మోసినోడికి ఒక్కరోజులో దుఃఖం తీరదు. ఇంక మోసేదానికి నేనుండను అనుకున్నోడి సీసా ఇట్టా ఉంటాది. బేగి పో."

పర్శరాములు మిగతా ఇళ్లన్నీ వదిలేసి కరామాకు పోయాడు. వెంకటరాజు గారు తలుపు తీశారు. నున్నగా గడ్డం గీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా, ఊడ్చిన ఇల్లు. ఎన్నడూ లేనిది నవ్వారు కూడా. చేతి గడియారం విప్పి, "ఇది నువ్వుంచుకో నాయనా," అన్నారు.

పర్శరాములు సీసాను రొమ్ముకు హత్తుకున్నాడు. "ఇయ్యాల ఇయ్య సార్."

"అదేంటయ్యా? లైసెన్సుంది. చట్టప్రకారం అది నాది."

"చట్టం సంగతి గాదు సార్. నేను లోపటికొస్తున్న."

గడప దాటాడు. సీసా బల్లమీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరికీ చెప్పనిదే నోటికొచ్చింది.

"నన్ను గన్న మా అవ్వ కిష్టవ్వ పోయిననాడు విమానాల్లేవు సార్. ఫోన్ల సూసిన. కట్టె అంటువెట్టే యాళ్లకు నెట్టు పోయింది. నేనింకా మా అవ్వ ఇంట్లనే ఉన్నదనుకుంట."

వెంకటరాజు గారు లేచి బీరువాలోంచి భార్య చీరముక్కలో చుట్టిన రాగిచెంబు తెచ్చారు.

"తను పోతే అస్థికలు గోదాట్లో కలపమనేది. తీసికెళ్తే నిజంగానే పోయినట్టవుద్ది కదయ్యా..." అని, ఆ చెంబుమీద తలానించి ఏడ్చారు.

బల్ల కిర్రుమంది. కాళ్లు విరిగి, సీసా నేలకు దిగి, గచ్చు పగిలింది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. పర్శరాములు జేబులో ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది.

మర్నాడు ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, పిలిచాడు. "కొనుక్కునేవాళ్ల ఇంట్లోకి వెళ్లావు. మిగతా సరుకు దారిలో వదిలేశావు. ఖలాస్," అన్నాడు. వెంకటరాజు గారు స్వయంగా వచ్చి, "నన్ను బతికించడానికొచ్చాడండీ," అని చేతులు జోడించారు. ముదీర్ కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్కడికోసం వదిలేస్తే కంపెనీ లైసెన్సే పోతుంది," అన్నాడు. వీసా రద్దయింది.

హైదరాబాద్ విమానంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చెంబు వెంకటరాజు గారి ఒళ్లో ఉంది. దిగాక పర్శరాములు భార్య కల్పనకు ఫోన్ చేశాడు. కొలువు పోయిందని చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది. ఇంటికి రేపు కాదు, ఎల్లుండి వస్తానని, అస్థికలు కలపడానికి గోదావరికి పోతున్నానని చెప్పాడు.

"గిప్పుడు గోదారెందుకు? ఎవరియి ఆ బొక్కలు?"

పర్శరాములు వెంకటరాజు గారి చేతిలోని చెంబుకేసి చూశాడు.

"అవ్వయనుకో," అన్నాడు.