పద్నాలుగు దాకా

ఎంటర్ నొక్కబోయే ముందు అతను వేళ్లను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల అలవాటు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చీమల బారులా సాగాయి. ఆ ఒక్క ఆజ్ఞతో ఆఫీసు నెట్‌వర్కు తీగ నిండా ఉత్తుత్తి డేటా పోటెత్తింది.

ఫైళ్లూ వీడియోలూ ఫోను మాటలూ అన్నీ ఆ తీగలోనే పోవాలి. ఎంత రద్దీ ఉన్నా మాటలకు ముందు దారి వదలాలి, నిండు చూలాలికి జనం తప్పుకున్నట్టు. ఆ ఏర్పాటు చెయ్యడం, చేశాక పరీక్షించడం అతని పని. సరిగ్గా జరిగినన్నాళ్లూ ఎవరి కంటా పడని పని. ఫోను గరగరమన్నప్పుడే అతనొకడున్నాడని ఆఫీసుకు గుర్తొచ్చేది.

పంపినవాటిలో ఎన్ని చేరాయో లెక్క చెప్పే పింగ్ చూపే అంకెలు అతనికి చాలవు. చెవితో వింటే గానీ నమ్మడు. అందుకే ప్రతి పరీక్షకూ అక్కకు ఫోను చేసేవాడు. ఊరికి ఆ చివర ఒంటిగా బట్టలు కుట్టుకుంటూ బతికే అక్క ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టేది. మధ్యలో ఏ అంకె తెగినా సెట్టింగు తప్పినట్టే. ఈ మధ్య లెక్క మరిచిపోతున్నానని, బల్ల మీద ఇరవై గుండీలు పెట్టుకుని అంకెకొకటి పక్కకు జరుపుతోంది.

“వచ్చాడయ్యా దొర. నా బాగు కనుక్కోడానికి చేశావా, నీ తీగ బాగు కనుక్కోడానికా?”

“రెండింటికీనక్కా.”

“అబద్ధమైనా అతికినట్టు చెప్పాలిరా.” నవ్వబోయి దగ్గింది. “పొద్దుట్నుంచీ ఆయాసంగా ఉంది. నీతో ఒక మాట చెప్పాలి.”

“ముందు లెక్కపెట్టు. లైను ఇప్పుడే నిండింది. తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.”

“నా మాట ఎప్పుడూ తర్వాతేగా,” అంటూనే మొదలుపెట్టింది.

తొమ్మిది దగ్గర గొంతు సన్నబడింది. పదకొండు తర్వాత కాస్త ఖాళీ వచ్చింది. మాటలు ఆలస్యంగా చేరుతున్నాయనుకుని అతను కాగితం మీద రాసుకున్నాడు. పద్నాలుగు అంది. ఆ తర్వాత ఏమీ లేదు.

“అక్కా, వినపడుతోందా?”

లైను పోయిందనుకుని, టైము కాగితం మీద రాసుకుని ఫోను పెట్టేశాడు. పింగ్ కొట్టాడు. పంపినవి వంద, చేరినవి వంద. మాటల వాటా పెంచి మళ్లీ కొట్టాడు. అవే అంకెలు. తప్పు లేని చోట తప్పు వెతుకుతూ గంట గడిపేశాడు. మధ్యలో రెండుసార్లు అక్కకు చేస్తే ఎంగేజి. పక్కింటావిడతో కబుర్లలో పడి ఉంటుంది, ఇక తెమలదు అనుకున్నాడు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లేసరికి ఆ పక్కింటావిడే గుమ్మంలో నిలబడి ఉంది.

“కుట్టిన బట్టలు తీసుకుందామని ఇప్పుడే వచ్చానన్నయ్యా. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ఎప్పుడు పోయిందో ఏమో, ఒళ్లు చల్లబడిపోయింది.”

ఎప్పుడు పోయిందో అతనికి తెలుసు. జేబులో కాగితం మీద నిమిషంతో సహా రాసి ఉంది, ‘లైను లోపం’ అని.

రిసీవరు ఆమె ఒళ్లో పడి ఉంది. తీసి చెవికి ఆనించుకున్నాడు, ఆ ఒక్క మాటా ఇంకా అందులో ఎక్కడో ఆగి ఉన్నట్టు. తర్వాత మెల్లగా పెట్టేశాడు.

కుట్టుమిషను బల్ల మీద పద్నాలుగు గుండీలు ఒక పక్కకు బారుగా జరిగి ఉన్నాయి. ఇవతల ఇంకా ఆరు.